ఒక్క మాట కూడా అనుకోలేదు

(2025 మే నెల. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి డాబా. పెళ్లయి యాభై ఏళ్లు నిండాయని ఆ సాయంత్రం పిల్లలు కల్యాణ మండపంలో వేడుక చేశారు. చుట్టాలందరూ వెళ్లిపోయాక డాబా మీద ఇద్దరు మిగిలారు. బావ రైల్వేలో గార్డుగా పనిచేసి 2009లో రిటైరయ్యారు. ఆయన భార్యకు స్వయానా చెల్లెలైన మరదలు ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా చేశారు. వేదిక మీద మైకు పట్టుకుని బావ, "ఈ యాభై ఏళ్లలో మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు" అన్నారు. హాలంతా చప్పట్లు. నేను మరదలి పక్షం. ఆ సంగతి ముందే చెప్పి, ఆ రాత్రి వాదన రాస్తున్నాను.)

బావ: చప్పట్లు కొట్టనిదానివి నువ్వొక్కదానివే. స్టేజీ మీద నుంచి అన్నీ కనిపిస్తాయి అమ్మాయ్.

మరదలు: కనిపించాలనే కొట్టలేదు బావగారూ.

బావ: నేను అబద్ధమేమైనా చెప్పానా? మీ అక్కనే అడుగు.

మరదలు: నిజమే చెప్పారు. నా బాధ కూడా అదే. రెండు గిన్నెలు ఒకచోట ఉంటేనే తగులుతాయి, చప్పుడు చేస్తాయి. ఇద్దరు మనుషులు యాభై ఏళ్లు కలిసి ఉండి ఒక్క మాట అనుకోలేదంటే, ఒకరు అంటూ ఉన్నారు, ఇంకొకరు మింగుతూ ఉన్నారు. ఆ మింగడాన్ని మీరు మైకులో మీ ఇద్దరి గొప్పగా చెప్పారు.

బావ: అసలు నేను ఇంట్లో ఉన్నదెప్పుడు, అనడానికి? డ్యూటీకి పిలవడానికి అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. గూడూరుకో, రాజమండ్రికో, కాజీపేటకో లైనుకు వెళ్తే మళ్లీ ఇల్లు చూసేది ఎప్పుడో తెలిసేది కాదు. జీతం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఏ నెలా లెక్క అడగలేదు. ఇంటి పెత్తనమంతా మీ అక్కదే.

మరదలు: కాల్ బాయ్ తలుపు కొడితే ముందు లేచింది ఎవరు? ఆ వేళప్పుడు పొయ్యి వెలిగించి, క్యారియర్ సర్ది, మీ లైన్ బాక్సులో ఏది మరిచిపోయారో చూసింది ఎవరు? రెండింటికి పడుకుని మళ్లీ అయిదింటికి పిల్లల కోసం లేచింది ఎవరు? అది పెత్తనం కాదు బావగారూ, చాకిరి. బియ్యం ఎప్పుడు కొనాలో, పాలవాడికి ఎంత ఇవ్వాలో తేల్చుకునే హక్కును పెత్తనమని అంటున్నారు. పిల్లను ఎక్కడ చదివించాలి, ఇల్లు ఎక్కడ కొనాలి, మీ తమ్ముడికి ఎంత అప్పు ఇవ్వాలి, ఇవి మీరు తేల్చారు. పెళ్లిపీటల మీద పురోహితుడు మీతో అనిపించిన మాట గుర్తుందా? ధర్మేచ, అర్థేచ, కామేచ, నాతిచరామి. ధర్మంలోనూ డబ్బులోనూ కోరికలోనూ ఈమెను దాటి నడవను అని. ఆ మాట ఇచ్చింది మీరు. అక్క చేత అనిపించలేదు, ఆమె ఎలాగూ దాటదని అందరికీ తెలుసు కాబట్టి. 2009లో మీ షష్టిపూర్తి చేశారు. మీరు పుట్టిన విరోధి నామ సంవత్సరం తిరిగి వచ్చిందని అక్క మెడలో మళ్లీ తాళి కట్టారు. అక్క పుట్టింది మన్మథలో. అది 2015లో తిరిగి వచ్చింది. ఆ ఏడాది ఈ ఇంట్లో ఒక్కరికైనా గుర్తొచ్చిందా?

బావ: శాస్త్రం అలా ఉంది. నేను రాయలేదు.

మరదలు: పాయసం వండుకోవడానికి శాస్త్రం అడ్డు రాదు.

బావ: (కాసేపు ఆగి) సరే, ఆ సంగతి నాకు తోచలేదు. కానీ నువ్వు మీ అక్కను నోరు లేని మనిషిగా చేసి మాట్లాడుతున్నావు. 1974 మే రైల్వే సమ్మెలో పాల్గొన్నందుకు నా సర్వీసు తెగిపోయింది. పెళ్లిచూపులకు వచ్చేనాటికి, రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడికి పిల్లనెలా ఇస్తామని మీ పెదనాన్న లేచి వెళ్లిపోయాడు. మీ నాన్న కూడా తల ఊపాడు. అప్పుడు తలుపు చాటు నుంచి, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానన్నది ఎవరు? నీకప్పుడు పదమూడేళ్లు. నువ్వూ విన్నావు.

మరదలు: విన్నాను. అంత మాట అనగలిగిన పిల్ల, ఈ యాభై ఏళ్లలో మళ్లీ అలా ఎందుకు అనలేకపోయింది? ఒకసారి అనబోయింది. 1982లో, మధ్యలో ఆపిన బి.ఏ. ప్రైవేటుగా పూర్తి చేస్తానంది. మీరు చూద్దాం అన్నారు.

బావ: అప్పుడు మా అమ్మ పక్షవాతంతో మంచాన పడి ఉంది. నేనేమో లైను మీద. ఇంట్లో ఎవరుండాలి?

మరదలు: మీ అమ్మగారికి అక్క చేసిన సేవను నేను తప్పుపట్టను. ఆమె నాలుగేళ్లకు పోయారు. ఆ తర్వాత ముప్పై తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ చూద్దాం అలాగే ఉండిపోయింది. మరి ఎకరం సంగతి?

బావ: వచ్చావా అక్కడికి! ఇంతసేపూ చుట్టూ తిరిగింది దానికోసమే.

మరదలు: దానికోసమే. తుళ్లూరు దగ్గర మెట్ట ఎకరం, పసుపు కుంకుమ కింద నాన్న అక్కకు ఇచ్చింది. 1956 వారసత్వ చట్టం ప్రకారం అది పూర్తిగా ఆమె సొత్తు. 1991లో నలభై వేలకు అమ్మి ఈ ఇంట్లో పెట్టారు. పొలం ఆమె పేరున ఉండేది. ఇల్లు మీ పేరున ఉంది.

బావ: ఆమే వచ్చి సంతకం పెట్టింది. రిజిస్ట్రార్ ముందు ఎవరూ చేయి పట్టుకుని పెట్టించలేదు. మిగతా డబ్బు నా ఉద్యోగం మీద వచ్చిన ఇంటి లోను. లోను నా పేరున ఇచ్చారు, కాగితమూ నా పేరున రాశారు. రైల్వే క్వార్టర్స్‌లో వాన పడితే మంచాలు జరుపుకునేవాళ్లం. పిల్లలకు ఒక గోడ కావాలనుకున్నాను. అది పాపమా?

మరదలు: ఆ ఎకరమే ఉంటే 2015లో రాజధానికి ఇచ్చి, వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, మొదటి ఏడాది ముప్పై వేల కౌలు, పైగా పదేళ్లపాటు ఏటేటా మూడు వేల పెంపు...

బావ: 1991లో అక్కడ రాజధాని వస్తుందని ఎవరికి తెలుసు? వచ్చాక మాత్రం సుఖపడ్డారా? 2019 డిసెంబరు నుంచి ఆ రైతులు, అందులోనూ ఆడవాళ్లు, ఎన్నాళ్లు శిబిరాల్లో కూర్చున్నారో నువ్వే వెళ్లి చూసి వచ్చావు. మీ అక్కను కూడా అక్కడ కూర్చోబెట్టేదానివా?

మరదలు: నేను ధర గురించి మాట్లాడటం లేదు.

బావ: గజాల లెక్క తీసింది నువ్వే.

మరదలు: తీశాను. తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఎకరం బంజరుగా పడి ఉన్నా నా మాట ఇదే. మీకు ఒకటి చెబుతాను. అక్కా నేనూ అమరావతి గుడికి బస్సులో ఎన్నోసార్లు వెళ్లాం. తుళ్లూరు దగ్గరపడుతుందనగా అక్క కిటికీ పక్క నుంచి లేచి నన్ను కూర్చోమంటుంది. ఎండ పడుతోందని చెబుతుంది. మబ్బు పట్టిన రోజు కూడా అదే చెప్పింది.

బావ: ... నాకెప్పుడూ చెప్పలేదు.

మరదలు: అందుకే మీరు ఒక్క మాట అనుకోలేదని చెప్పగలిగారు.

బావ: ఆగు. చెప్పకపోవడంలో ఆమె తప్పు ఏమీ లేదా? నేను మనసులో దూరి చూడగలనా? సరే, నన్ను నిలదీశావు, బాగుంది. ఇప్పుడు నీ లెక్క చూద్దాం. అమ్మే దాకా ఆ ఎకరం కౌలు డబ్బు ఎక్కడికి వెళ్లింది? నీ బి.ఇడి. ఫీజు కట్టింది దానితోనే. అలా కట్టాలన్నది మీ అక్క, సరేనన్నది నేను. 1985లో రామారావు గారి ప్రభుత్వం ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా చట్టం తెచ్చింది. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. మీ అక్కకు పైసా రాలేదు. నీ పెళ్లి 1988లో కాబట్టి నీకు మీ అన్నతో సమానంగా వచ్చింది. ఒకే తల్లి కడుపున పుట్టారు. ఆ వాటాలోంచి అక్కా, ఇది నీది అని ఒక సెంటు భూమి ఇచ్చావా? ఇస్తానని నోటిమాటైనా అన్నావా?

మరదలు: (తల దించుకుని) అనలేదు.

బావ: మొన్న సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్‌లో మీ ఇల్లు మునిగితే, పడవలో బయటపడి ఎక్కడికి వచ్చావు? పన్నెండు రోజులు మీ అక్క వండి పెట్టింది. ఆమెకు డెబ్భై దగ్గరపడుతోందని నీకూ తోచలేదు. చాకిరి అన్నావే, ఆ చాకిరి నువ్వూ తిన్నావు.

(ఇక్కడ బావ మాటకు నా దగ్గర కూడా జవాబు లేదు. మనం ఎవరి పక్షాన నిలబడి పోట్లాడుతున్నామో, వాళ్ల చేతి వంట మనమూ తినే ఉంటాం.)

బావ: ఇంకొకటి. అనకూడదు, కానీ నువ్వు అనిపించావు. మీ ఆయనా నువ్వూ అన్నీ మాట్లాడుకునేవారు. దేనినీ మింగలేదు. పదకొండేళ్లకు కోర్టుకెక్కారు. మేము మాట్లాడుకోలేదు, ఉన్నాం.

మరదలు: (చాలాసేపటి తర్వాత) ఆ మాట మీరు అనవచ్చు, ఆ కోర్టుకు ప్రతి వాయిదాకూ నాతో వచ్చింది మీరే కాబట్టి. డ్యూటీ దిగి, నిద్ర లేకుండా, యూనిఫాంతోనే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. నేను మరిచిపోలేదు. మీరు చెడ్డవారనుకుంటే ఈ వాదనే పెట్టుకోను, చప్పట్లు కొట్టి వెళ్లిపోయేదాన్ని. నేను చెప్పేది వినండి. మా పదకొండేళ్ల కాపురం నిలబడలేదు, నిజం. కానీ నేను ఏమి కోరుకున్నానో ఆయనకు తెలుసు, ఆయనకేమి కావాలో నాకు తెలుసు. తెలిసే విడిపోయాం. అక్క తన కోరిక చెప్పకుండా యాభై ఏళ్లు ఉంది. ఉండటం గొప్పే, ఆ ఓర్పు నాకు లేదు. కానీ ఇవాళ హాలులో మూడు వందల మంది ఉన్నారు. వాళ్లలో పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఎందరో. మన మనవరాలు ముందు వరుసలో కూర్చుని వీడియో తీస్తోంది. మంచి కాపురమంటే ఏమిటని ఆ పిల్ల మీ నోట విన్నది? ఒక్క మాట అనకపోవడమని విన్నది. రేపు ఆ పిల్ల ఎకరం ఎవరైనా అడిగితే, నోరెత్తితే యాభై ఏళ్లు నిండవేమోనని భయపడుతుంది. నా భయం అది. అందుకే చేతులు కదల్లేదు. మీరు మైకులో ఇంకేదైనా చెప్పి ఉండవచ్చు. సర్వీసు తెగినవాడిని ఏరి చేసుకుందని, మా అమ్మ మంచాన ఉంటే చదువు వదులుకుందని, ఆమె ఎకరం మీద ఈ ఇల్లు నిలబడిందని. ఈ మూడూ మీకు తెలుసు. నన్ను ఓడించడానికి ఇప్పుడు నాతో చెప్పారు కదా, అవే ఆమె ఎదుట, అందరి ముందు చెప్పి ఉంటే మొదట చప్పట్లు కొట్టేది నేను.

(కింద వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఇద్దరూ విన్నారు.)

బావ: ఇంకా పడుకోలేదు.

మరదలు: ఎప్పుడు పడుకుంది కనక?

బావ: లోను 2006లో తీరిపోయింది. కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. ఇల్లు ఆమె పేరున రాయాలంటే ఏమేమి కావాలి? ఎల్లుండి సోమవారం, రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి వద్దాం. నువ్వూ రా. నీ వాటా సంగతీ అక్కడే తేలుద్దాం.

మరదలు: మళ్లీ ఆమెను అడగకుండానే?

బావ: ... అవును. పద, ఇప్పుడే అడుగుదాం.

మరదలు: నేను రాను. నేనుంటే అక్క నా ముఖం చూసి జవాబు చెబుతుంది. మీరొక్కరే వెళ్లండి. ఇంటి సంగతి తర్వాత, ముందు ఆ పొలం గురించి అడగండి. వద్దులే, ఇప్పుడెందుకులే అంటే లేచి వచ్చేయకండి, కూర్చోండి.

బావ: మరి నువ్వెప్పుడు అడుగుతావు?

మరదలు: పొద్దున్న మీరు పాల ప్యాకెట్లకు వెళ్తారు కదా. అప్పుడు.