ఐదో రోజు నీళ్లే అసలు అభివృద్ధి

మహారాష్ట్రలోని మన షోలాపూర్ 2016 జనవరిలోనే దేశంలోని తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాకెక్కింది. నల్లా మాత్రం నాలుగైదు రోజులకోసారి వస్తుంది. ఈ రెండింటికీ పొంతన కుదరలేదని సణిగేవాళ్లకు ప్రణాళిక అంటే ఏమిటో తెలియదు. నగరానికి నీళ్లిచ్చే ఉజని డ్యాంలో దాదాపు 117 టీఎంసీలు పడతాయి, అందులో 63 పైచిలుకు మృతనిల్వే, అంటే తూములకు అందని అడుగు నీళ్లే. ఇంకో డ్యాం కట్టాలంటే డబ్బు కావాలి కనుక, దాన్ని ముక్కలు చేసి ఇంటింటికీ పంచేశారు. ఖర్చు ఇంటివాళ్లదే.

తలకు రోజుకు 135 లీటర్లన్నది సర్కారు లెక్క. ఐదుగురికి ఐదు రోజులంటే 3,375 లీటర్లు. పొడవు, వెడల్పు, లోతు ఐదేసి అడుగులుండే హౌజు తవ్వితే చక్కగా సరిపోతుంది. మరమగ్గం, పొయ్యి, పిల్లలు ఒకే గదిలో సర్దుకునే మన తూర్పు పేటలవాళ్లు గొయ్యి ఎక్కడ తవ్వాలని అడగకూడదు. 200 లీటర్ల డ్రమ్ములు పదిహేడు చాలు. చోటు చాలకపోతే మగ్గం అమ్మేయొచ్చు, నేత ఎలాగూ దండగ వ్యవహారమేగా!

వీధికి నీళ్లు వదిలే చావీవాలా వాల్వు తిప్పాడంటే బీడీలు చుట్టే ఆడవాళ్లు చాట పక్కన పెట్టి లేవాల్సిందే. ఆ పూట కూలీ గోవిందా. వీధి మొదట్లో ఉన్నవాళ్లు నల్లాకే నేరుగా అర హెచ్‌పీ మోటారు బిగిస్తారు, చివరివాళ్లకు బుస్సుమని గాలి వస్తుంది. నాలుగు రోజులు ఖాళీగా ఉన్న పైపును మోటారు పీలిస్తే, మోరీ పక్కనున్న అతుకుల్లోంచి మురుగు కూడా లోపలికొస్తుంది. మొదటి పది నిమిషాల నీళ్లు పాయిఖానాకు వాడుకోవాలి, తాగే బిందె ఆ తర్వాతే పట్టాలి. పైసా ఖర్చు లేని నీటి శుద్ధి పథకమిది.

ఇక డెంగీ దోమ. గుడ్డు దోమయ్యేసరికి వారం పది రోజులు పడుతుంది. ఐదో రోజు హౌజు అడుగంటా ఖాళీ చేసి, గోడలు గరుకు బ్రష్‌తో రుద్దితే దాని వంశం అక్కడితో సరి. గుడ్లు నీళ్లలో కాదు, తడిగోడకు అంటుకుని ఉంటాయి మరి. కానీ రేపు నల్లా వస్తుందన్న పూచీ లేనప్పుడు అడుగునున్న జానెడు నీళ్లను పారబోసే తెగువ ఎవరికుంటుంది? దోమకు స్థిరనివాస పత్రం అలా మంజూరవుతుంది.

నగరం పేరు చెప్పి ఉజని నుంచి భీమా నదిలోకీ నీళ్లొదులుతారు. రెండు గట్ల చెరకు తోటల్ని పలకరించి, ఎండకు తన వాటా ఇచ్చి, మిగిలింది మనదాకా వస్తుంది. కిలో పంచదార వెనక సుమారు 2,000 లీటర్ల నీళ్లుంటాయంటారు. ఆ లెక్కన ఇంటిల్లిపాది ఐదు రోజుల నీళ్లు దాదాపు కిలో ఏడువందల గ్రాముల పంచదారలో ఇమిడిపోతాయి. పైపులైను బెడద ఎందుకు, రేషన్ షాపులో సంచిలో పోసిస్తే పోలా?

వానమాట ఎత్తకపోతేనే మంచిది. ఏడాదికి ఇక్కడ 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఐదో వంతు పోయినా 44,000 లీటర్లు పట్టొచ్చు, ఐదుగురికి రెండు నెలలు. అందుకే మంజూరు కోసం ఇచ్చే ప్లానులో వాననీటి పైపును నీలిరంగులో అందంగా గీస్తారు. ఇల్లు లేచాక ఆ పైపు తిన్నగా మోరీలోకి దిగుతుంది.