అమెరికాలో మరో ఆరు నెలలు: ఆ వాట్సాప్ సందేశాన్ని నమ్మకండి

"అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ముఖ్య గమనిక" అని మొదలయ్యే సందేశం ఒకటి గుంటూరు, విజయవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, వాకర్స్ గ్రూపుల్లో, రిటైరైన ఉద్యోగుల గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారాంశం ఇది. పదేళ్ల సందర్శక వీసా ఉంటే వెళ్లిన ప్రతిసారీ ఆరు నెలలు ఉండటం మన హక్కు. గడువు దగ్గరపడితే ఒక వారం మెక్సికోకో కెనడాకో వెళ్లి వస్తే మళ్లీ ఆరు నెలలు. అది కుదరకపోతే పొడిగింపు దరఖాస్తు పెడితే జవాబు వచ్చేదాకా ఎవరూ ఏమీ అనరు. గడువు దాటినా 180 రోజుల లోపైతే ఇబ్బంది లేదు. విమానాశ్రయంలో మనవళ్ల సంగతి ఎత్తకుండా ఊళ్లు చూడటానికి వచ్చామని చెప్పాలి. పదేళ్లు నిండాక రెన్యువల్‌కు ఇంటర్వ్యూ ఉండదు, కావాలంటే బ్యాంకాక్‌లోనూ చేయించుకోవచ్చు. చివర "పది మందికి పంపండి, పుణ్యం వస్తుంది" అని కూడా ఉంది.

గుంటూరులో పెద్దవాళ్లకు ఈ ఫారాలు నింపడంలో చేతనైన సాయం చేస్తుంటాను. న్యాయవాదిని కాను. ఈ నియమాలు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఎవరైనా చదువుకోగలిగినవే. వాటి వంక చూడకుండా, అరవై డెబ్బై ఏళ్ల మనుషులను పరాయి దేశపు అధికారి ముందు దోషుల్లా నిలబెట్టే సలహాలను పుణ్యం పేరిట పంచుతుంటే కోపం వస్తోంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"పదేళ్ల వీసా ఉంటే ప్రతిసారీ ఆరు నెలలు మన హక్కు."

కాదు. పాస్‌పోర్టులో అతికించిన బి-1/బి-2 అనే సందర్శక వీసాతో అమెరికా గుమ్మం దాకా వెళ్లి, లోపలికి రానివ్వమని అడగవచ్చు. ఎన్నాళ్లు ఉండవచ్చో నిర్ణయించేది అక్కడి విమానాశ్రయంలో ఉన్న సరిహద్దు భద్రతా శాఖ అధికారి. ఆయన ఇచ్చిన గడువు ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. విమానంలో వచ్చేవారికి 2013 నుంచి దీన్ని కాగితం మీద ఇవ్వడం లేదు. ఆ శాఖ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి చూసుకోవాలి. వీసా మీద ఇంకా ఎనిమిదేళ్లు మిగిలి ఉన్నా, ఐ-94లో అక్టోబరు 12 అని ఉంటే ఆ రోజులోగా బయల్దేరాల్సిందే.

సందర్శనకు వచ్చినవారికి సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు, నియమావళి కూడా అలాగే ఉంది. సందేశం రాసినవారు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని హక్కు అనేశారు. పైఅధికారి ఆమోదంతో అంతకన్నా తక్కువ ఇచ్చే వీలు కూడా అదే నియమావళిలో ఉంది. అసలు లోపలికి రానివ్వాలా వద్దా అన్నది దానికన్నా ముందు తేలాల్సిన విషయం. ఏప్రిల్‌లో వెళ్లి అక్టోబరులో వచ్చి, సంక్రాంతి కాగానే మళ్లీ విమానమెక్కిన దంపతులను "మీ కాపురం ఇక్కడా, ఇండియాలోనా?" అని అడిగే అధికారం ఆయనకు ఉంది. ఆరు నెలలు అక్కడ గడిపాక ఆరు నెలలు ఇక్కడ గడిపితే చాలని, అది చట్టంలోనే ఉందని నమ్మేవారు మన ఊళ్లో చాలామంది. అలాంటి సెక్షన్ ఏదీ లేదు. అక్కడికన్నా ఇక్కడ ఎక్కువ కాలం ఉండటం వల్ల అధికారికి నమ్మకం కలుగుతుంది, అంతే.

ఇంకో ముఖ్యమైన సంగతిని సందేశం పట్టించుకోలేదు. పాస్‌పోర్టు గడువు నాలుగు నెలల్లో ముగిసిపోయేలా ఉంటే, ఐ-94 గడువును కూడా అక్కడితోనే ఆపేయవచ్చు. కాబట్టి బయల్దేరే ముందే కొత్త పాస్‌పోర్టు తీసుకోండి. పాత పాస్‌పోర్టులో ఉన్న వీసా ఏమైపోతుందోనని భయపడి ఈ పని వాయిదా వేస్తుంటారు. వీసా చెల్లుబాటులో ఉండి, పాడవకుండా ఉంటే పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు రెండూ వెంట తీసుకెళ్లి ప్రయాణం చేయవచ్చు.

"వారం రోజులు మెక్సికో వెళ్లి వస్తే మళ్లీ ఆరు నెలలు."

ఈ సలహాలో కెనడా కన్నా మెక్సికో పేరు ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. కెనడాకు మనవాళ్లు విడిగా వీసా తీసుకోవాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. అందుకని మెక్సికోలోని కాంకూన్‌లో నాలుగు రోజులు ఉండి రమ్మంటారు. కానీ కెనడా, మెక్సికోలకు 30 రోజులకు మించకుండా వెళ్లి వచ్చేవారిని సాధారణంగా పాత ఐ-94 మీదే, మిగిలిన గడువుకే తిరిగి రానిస్తారు. గడియారం ఆగదు, మళ్లీ మొదటికి రాదు. సెప్టెంబరు 20 గడువు అయితే, సెప్టెంబరు 10న కాంకూన్ నుంచి తిరిగొచ్చినా గడువు సెప్టెంబరు 20గానే ఉంటుంది.

"మా అన్నయ్యకు కొత్త తేదీ ఇచ్చారు కదా" అనేవారు ఉంటారు. ఇచ్చి ఉండవచ్చు, అది ఆ రోజు ఆ అధికారి నిర్ణయం. మరో అధికారి అదే ప్రయాణాన్ని చూసి, గడువు పెంచుకోవడానికే దేశం దాటి వచ్చారని అనుకోవచ్చు. అప్పుడు వీసా రద్దు చేసి వెనక్కి పంపవచ్చు. విచారణ లేకుండా అక్కడికక్కడే వెనక్కి పంపే ఉత్తర్వు ఇస్తే అయిదేళ్లపాటు మళ్లీ రానివ్వరు. చక్కెర మందులు, మోకాళ్ల నొప్పుల మాత్రలు బ్యాగులో పెట్టుకుని, భాష రాని చోట, పిల్లలు తోడు లేని గదిలో ఆ ప్రశ్నలు ఎదుర్కోవాల్సింది అమ్మానాన్నలే. సలహా ఇచ్చినవారెవరూ అక్కడికి రారు.

"పొడిగింపు దరఖాస్తు పెడితే జవాబు వచ్చేదాకా నిశ్చింత."

దీనికి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

దేశం లోపల ఉండి గడువు పెంచమని కోరడానికి ఐ-539 అనే దరఖాస్తు ఉంది. ఇది చట్టబద్ధమైన మార్గం. కూతురి కాన్పు కష్టమైనా, తండ్రికి అక్కడే ఆపరేషన్ జరిగినా, డాక్టరు ప్రయాణం వద్దన్నా దీన్ని వాడుకోవాల్సిందే. 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాగితం మీద అయితే 470 డాలర్లు రుసుము. పంపే ముందు తాజా రుసుము సరిచూసుకోండి. ఐ-94 గడువుకు కనీసం 45 రోజుల ముందు పంపమని వలస సేవల విభాగం సూచిస్తుంది. ఎందుకు ఉండాల్సి వస్తోందో, ఖర్చు ఎవరు భరిస్తారో, తిరిగి ఎప్పుడు వెళతారో, ఇండియాలో ఇల్లు, పెన్షన్ లాంటి ఆధారాలేమున్నాయో కాగితాలతో చూపాలి. "మనవడితో ఇంకొన్నాళ్లు గడపాలని ఉంది" అని ఒక్క వాక్యం రాసి పంపితే అది తిరస్కరణకు దారి చూపినట్టే.

గడువు లోపల, సక్రమంగా దరఖాస్తు పెట్టి, జవాబు కోసం చూస్తున్నంత కాలాన్ని అక్రమంగా ఉన్న రోజులుగా లెక్కించరు. సందేశంలోని నిజం ఇంతవరకే. పాత ఐ-94 తేదీ మాత్రం దాటిపోతూనే ఉంటుంది. ఆ తేదీ దాటాక దరఖాస్తు తిరస్కరణకు గురైతే, పైన గొడుగు తీసేసినట్టే. తిరస్కరించిన మర్నాటి నుంచి అక్రమ నివాసపు రోజులు మొదలవుతాయి, పదేళ్ల వీసా కూడా చెల్లకుండా పోతుంది. ఇంకో చిక్కు: ఫలానా తేదీ వరకు ఉంటామని దరఖాస్తులో రాసిన రోజు, నిర్ణయం రాకముందే వచ్చేయవచ్చు. అప్పటికి తిరుగు ప్రయాణం కట్టాలి, లేదా ఆ తేదీకి ముందే మరో దరఖాస్తు పెట్టాలి. "జవాబు రాలేదు కాబట్టి ఇంకా ఉన్నాం" అనే మాట అక్కడ చెల్లదు.

మా వీధిలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయ దంపతులకు ఇలాగే జరిగింది. దరఖాస్తు పంపే పనిని ఇక్కడి ఒక ఏజెంటుకు అప్పగించారు. అది ఐ-94 తేదీ దాటాక చేరింది. వాళ్లకు ఆ సంగతి తెలియదు. పంపించాం కదా అన్న ధీమాతో మరో రెండు నెలలు ఉండి, హాయిగా ఇంటికి వచ్చారు. మరుసటి ఏడాది రెండో మనవరాలి బారసాలకు బయల్దేరినప్పుడు, వీసా ఎప్పుడో చెల్లకుండా పోయిందని తెలిసింది. బారసాలను వాళ్లు ఫోనులో చూశారు.

"గడువు దాటినా 180 రోజుల లోపైతే ఇబ్బంది లేదు."

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. 1996లో చేసిన చట్ట మార్పు ప్రకారం, 180 రోజులకు మించి ఏడాది లోపు అక్రమంగా ఉండి వెళ్లిపోయినవారిపై మూడేళ్ల నిషేధం, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్ల నిషేధం ఉంటాయి. సందేశం ఆ లెక్కను ఒకటే పట్టుకుంది. వలస చట్టంలోని 222(జి) సెక్షన్ వేరు. అనుమతించిన గడువు ఒక్కరోజు దాటినా, ఆ రాకకు వాడిన వీసా చెల్లదు. ఆ తర్వాత మామూలుగా సొంత దేశంలోనే కొత్త వీసాకు దరఖాస్తు చేసుకోవాలి, ఎందుకు దాటారో చెప్పుకోవాలి. మూడేళ్ల నిషేధం పడకపోవడాన్ని "ఇబ్బంది లేదు" అని చెప్పడం పెద్దవాళ్లను మోసం చేయడమే.

"మనవళ్ల సంగతి ఎత్తకండి, ఊళ్లు చూడటానికి వచ్చామని చెప్పండి."

దయచేసి ఇలా చెప్పకండి. సొంత పిల్లలను, మనవళ్లను చూడటానికి వెళ్లడం సందర్శక వీసాలో అనుమతి ఉన్న పనే, దాచాల్సిందేమీ లేదు. జీతం తీసుకుని పిల్లలను చూసే పని ఆ వీసా మీద నిషిద్ధం. ఆ భయంతో ఎవరో ఈ అబద్ధాన్ని నేర్పారు. వీసా కోసమో, ప్రవేశం కోసమో అధికారికి ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం అనర్హత పడుతుంది. దానికి మినహాయింపులు దొరకడం కష్టం. ఫోను తెరిచి చూసే అధికారం సరిహద్దు అధికారికి ఉంది. ఈ వాట్సాప్ సందేశమే అందులో ఉంటుంది. కూతురి ప్రసవానికి తోడుగా వెళ్తున్నాం, ఫలానా నెలలో తిరిగి వస్తాం, టికెట్ ఇది. నిజాన్ని ఇంత చిన్నగా చెబితే చాలు. అమ్మకు ఇంగ్లిషు రాకపోతే తెలుగు అనువాదకుడు కావాలని అడగవచ్చు.

"రెన్యువల్‌కు ఇంటర్వ్యూ లేదు, బ్యాంకాక్‌లోనూ అవుతుంది."

ఇది పాత కబురు. కరోనా తర్వాతి కాలంలో వీసా గడువు ముగిసి 48 నెలల లోపైతే ఇంటర్వ్యూ లేకుండా ఇచ్చేవారు. 2023లో ఇక్కడ ఇంటర్వ్యూ తేదీలు దొరకక బ్యాంకాక్ వెళ్లిన మాటా నిజమే. 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ మినహాయింపును బాగా కుదించారు. 79 ఏళ్లు దాటినవారికి ఉన్న సౌలభ్యాన్ని కూడా తీసేశారు. పూర్తి కాలపు బి-1/బి-2 వీసా ముగిసిన 12 నెలల లోపు, మళ్లీ అదే వీసా కోరేవారికి ఇంటర్వ్యూ తప్పే అవకాశం మిగిలింది. ఆ వీసా తీసుకునేనాటికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. ఇవన్నీ ఉన్నా, కాన్సులేట్ అధికారి రమ్మంటే వెళ్లాల్సిందే. అదే సెప్టెంబరులో, సందర్శక వీసాలకు సొంత దేశంలో లేదా నివాసమున్న దేశంలోనే దరఖాస్తు చేయాలని అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. గుంటూరులో నివాసముండే తండ్రికి బ్యాంకాక్‌లో ఇంటర్వ్యూ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉన్న అమెరికా కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది.

పైగా రెన్యువల్ అంటే పాత వీసాకు తేదీ పెంచడం కాదు. అది కొత్త దరఖాస్తు. తిరిగి వస్తారని మళ్లీ నిరూపించుకోవాలి. నిరూపించుకోలేకపోతే 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తారు. ఆ ఫారంలో గత అయిదు అమెరికా ప్రయాణాల తేదీలు, ఎన్నాళ్లు ఉన్నారన్నది అడుగుతారు. పాత స్టాంపులు, ఐ-94 ప్రయాణ చరిత్ర, పొడిగింపు ఆమోద పత్రం, తిరుగు ప్రయాణపు బోర్డింగ్ పాసులు ఒక ఫైల్లో భద్రంగా ఉంటే ఆ గడులను నిజమైన తేదీలతో నింపవచ్చు. వెళ్లేటప్పుడు అన్నిటినీ జాగ్రత్త చేసే మనవాళ్లు వచ్చాక వాటిని చెత్తబుట్టలో వేస్తుంటారు. ఈసారి ఆ పని చేయకండి.