గేర్‌బాక్సు దించనివారికి పదవులెందుకు?

తెల్ల తువ్వాలు పరిచిన వెనక సీట్లో కూర్చుని ఈ దేశాన్ని ఏలినవారు చాలామంది ఉన్నారు. అదే అంబాసిడర్ కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకున్నవారిని మాత్రం ఏలికలుగా మనం చూడలేదు. మన అవస్థలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. కాబట్టి సర్పంచి మొదలుకుని పైదాకా, ఏ పదవికి పోటీ చేసేవారైనా నామినేషన్‌కు ముందు సొంత ఇంటి వాకిట్లో, సొంత చేతులతో పాత అంబాసిడర్ గేర్‌బాక్సు దించి చూపాలని చట్టం చేయాలి.

మారుతి 800 పనికిరాదా అని కొందరు అడుగుతారు. పనికిరాదు. అందులో ఇంజనూ గేర్‌బాక్సూ తిరిగే చక్రాలూ అన్నీ ముందే సర్దుకుని ఉంటాయి. అంబాసిడర్‌లో ఇంజను ముందు, తిరగాల్సిన చక్రాలు వెనక. మధ్యలో గేర్‌బాక్సు, శక్తిని వెనక్కి మోసే పొడుగు గొట్టం ప్రొపెల్లర్ షాఫ్టు, దాని జాయింట్లు, ఆ చివర రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్. రాజధానిలో బయలుదేరిన పథకం పల్లెకు చేరేలోపు ఎక్కడెక్కడ ఎంత తరుగుతుందో తెలియాలంటే కమిటీలు అక్కర్లేదు, ఒక గంట కారు కింద పడుకుంటే చాలు.

పాత మోడళ్లలో గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. ముందు సీట్లో ఇంకో ఇద్దరిని ఇరికించడానికి అది గొప్ప సదుపాయం. పైన చెయ్యి కదిపితే ఆ కదలిక రాడ్లూ లింకులూ దాటుకుంటూ కిందున్న గేర్‌బాక్సుకు చేరాలి. బుష్‌లు అరిగాయంటే పైన వేసింది ఒక గేరు, కింద పడేది ఇంకోటి, ఒక్కోసారి ఏదీ పడదు. పై ఆదేశం కిందికి చేరేసరికి ఏమవుతుందో అభ్యర్థికి ఇక్కడే బోధపడాలి.

ఇక పానాల పరీక్ష. 1957 ఏప్రిల్ 1న నయాపైసలతో దేశం దశాంశాల దారి పట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగాల్‌లోని ఉత్తరపారాలో, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు సంతానమైన అంబాసిడర్ అంగుళాల నట్లతో తయారై మన రోడ్డెక్కింది. అర అంగుళం నట్టుకు 12 మిల్లీమీటర్ల పానా ఎక్కదు, 13 కొంచెం లూజు. ఆ కొంచెంతోనే పట్టుబట్టి తిప్పితే నట్టు అంచులు అరిగి గుండ్రమవుతుంది. ఇంగ్లీషువాళ్లు వదిలి వెళ్లినవాటిని మనం ఎలా విప్పుతున్నామో ఇంతకన్నా వివరంగా ఏ చరిత్ర పాఠమూ చెప్పదు.

గేర్ ఆయిల్ విషయం సున్నితమైనది. వివేకి ముందు పోసే ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కారే ప్లగ్గు విప్పుతాడు. అవివేకి ముందు ఉన్నదంతా కార్చేసి, కొత్తది ఎలా పోయాలా అని తర్వాత ఆలోచిస్తాడు. ఆర్థిక నిర్వహణపై దీనికి మించిన ప్రశ్నపత్రం తయారు చేయలేం. గంధకం కంపు కొట్టే ఆ చిక్కటి ఆయిలు మోచేతి మీదుగా చంక దాకా పాకినా మొహం చిట్లించకపోతే, బహిరంగ సభలకు కూడా అభ్యర్థి అర్హుడైనట్టే.

అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. బండి గేరులో ఉంది కదా, కదలదులే అనే ధీమా చాలామందికి ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు ఊడిన క్షణం నుంచి గేరుకూ చక్రాలకూ సంబంధం ఉండదు. అప్పుడు ఆదుకునేవి హ్యాండ్‌బ్రేకూ, టైర్లకు అడ్డం పెట్టిన దిమ్మలే. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరేవారినీ, స్టాండ్లకు బదులు ఇటుకలు పేర్చేవారినీ అక్కడికక్కడే అనర్హులుగా ప్రకటించాలి. ఇది వ్యంగ్యం కాదు. ఇటుక పగిలేముందు ఎవరికీ నోటీసు ఇవ్వదు.

గేర్‌బాక్సును ఇంజనుకు కలిపే బెల్ హౌసింగ్ బోల్టుల్లో కిందివి తేలిగ్గా వస్తాయి, పైవి చేతికి అందవు. ఈ వాక్యాన్ని ఏసీబీ వారు గోడకు రాసుకోవచ్చు. గేర్‌బాక్సు పక్కకు జరగగానే ఆసరా పోయి ఇంజను వెనక్కి వాలుతుంది, ముందే దాని కింద చెక్కా జాకీ పెట్టుండాలి. మద్దతు ఉపసంహరణ గురించి ఈ మాత్రం ముందుచూపు ఉంటే ఎన్ని సంకీర్ణాలు నిలబడేవో!

ఈలోగా చుట్టూ చేరినవాళ్లు ఊరుకోరు. “ఏంటండీ, క్లచ్ ప్లేటేనా? మా బావమరిది అయితే గంటలో దించేసేవాడు” అంటారు ఒక రిటైర్డు పెద్దాయన. ఛాతీ మీద గేర్‌బాక్సు పెట్టుకుని ఆయనకు మర్యాదగా “అవునండీ” అని జవాబివ్వడానికి ప్రత్యేక మార్కులు.

చట్టం త్వరగా తేవాలి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. ఆ గడువు వాహనాలకు మాత్రమే, ఫైళ్లకు కాదు. పాత వేలాల్లో జనం కొనుక్కున్న బళ్లు కొన్ని మిగిలాయి, వాటినైనా పరీక్షా కేంద్రాలుగా గుర్తించాలి.

నిబంధనలు సరళంగానే ఉంటాయి. గోనెపట్టా అభ్యర్థే తెచ్చుకోవాలి. సిఫార్సు లేఖలను కారు కిందికి అనుమతించరు. గేర్‌బాక్సు దించి, మళ్లీ ఎక్కించలేనివారికి ప్రతిపక్షంలో చోటు ఇస్తారు. ఎక్కించాక కూడా చేతిలో నాలుగు బోల్టులు మిగిలినవారు మిగులు చూపించినట్టు లెక్క, వారికి ఆర్థిక శాఖ.