ముందు వరుస సోఫా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ముందు వరుస సోఫా గారి సముఖమునకు,

విజయవాడ, సత్యనారాయణపురం నుంచి ఒక కోడలు వ్రాసుకొను విన్నపములు. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం మీ నిగనిగలోనే తెలుస్తోంది.

మీరు నన్నెరగరు. నేను మాత్రం మీ వీపుని చిన్నప్పటినుంచీ ఎరుగుదును. మన ఊళ్ళో ఏ హాలుకెళ్ళినా నాకు కనబడేది అదే: మెరూన్ రెక్సిన్, దాని మీద తెల్ల టర్కీ టవలు, సెల్లో టేపుతో అంటించిన 'రిజర్వుడ్' కాగితం. మీ ముందు గాజు టీపాయ్, దాని మీద నీళ్ళ సీసాలు, పింగాణీ ప్లేట్లో జీడిపప్పు. మీ మీద కూర్చుని జీడిపప్పు తిన్నవాళ్ళని చూశాను గానీ నాటకం చివరిదాకా చూసినవాళ్ళని చూసిన గుర్తు లేదు. జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువా, మెమెంటో, గ్రూపు ఫోటో. ఆ తర్వాత "ఇంకో ప్రోగ్రాం ఉందండీ" అని నమస్కారం పెట్టి లేస్తారు. రెండో రంగానికి మీరు ఖాళీ. పాపం హరిశ్చంద్రుడు టర్కీ టవలు ముఖం చూస్తూ ఏడుస్తాడు. వెనకాల నిలబడి చూస్తున్న కుర్రాడెవడైనా ధైర్యం చేసి మీ అంచున కూర్చోబోతే, అంతవరకూ ఎక్కడున్నాడో తెలియని వాలంటీరు పరుగెత్తుకొస్తాడు. "లెగండి లెగండి, సారు మళ్ళీ రావచ్చు."

సారు మళ్ళీ రారు. ఆ సంగతి మీకూ తెలుసు, వాలంటీరుకీ తెలుసు.

ఇంతకీ ఇప్పుడు ఉత్తరం రాయాల్సిన పనేమిటంటే, వచ్చే శనివారం మన ఊరికి బెంగళూరు నుంచి ఒక నాటక బృందం వస్తోంది. పాటలూ డాన్సులూ ఉన్న హాస్య నాటకం. ప్రత్యేకత ఏమిటంటే, చూడటానికి వచ్చినవాళ్ళు కూడా అందులో ఆడాలట, పాడాలట. ఎవరు? అదే అసలు సంగతి. టికెట్ యాప్‌లో అన్నిటికన్నా ఖరీదైన సీట్లు మీవే. పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు: మొదటి మూడు వరుసల్లో కూర్చున్నవారిని నటులు వేదిక మీదికి ఆహ్వానించవచ్చు.

ఆ ఒక్క వాక్యంతో మా ఇంట్లో మీ పరువు ఏమైందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మా మావయ్యగారు ఇరిగేషన్‌లో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. సర్వీసంతా ఎన్నో సభలకి కుర్చీలు వేయించారు, మీ మీద టవళ్ళు పరిపించారు, కూర్చోలేదు. అందుకని "ఈసారి డబ్బు పోతే పోయింది, నాకు ముందు వరుసలోనే తియ్యమ్మా" అన్నారు. సరేనని ఫోన్ చేతిలోకి తీసుకుని, మర్యాదకి ఆ చిన్న అక్షరాలు చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ, "అబ్బే, అంత ముందు కూర్చుంటే స్పీకర్లు చెవుల్లో మోగుతాయి" అన్నారు.

అత్తయ్యగారైతే స్పీకర్ల మీద నెట్టలేదు. "నలుగురిలో నన్ను లేపి గంతులెయ్యమంటే మా పుట్టింటి వాళ్ళేమనుకుంటారే?" అన్నారు. మీ పుట్టింటి వాళ్ళెవరూ రావడం లేదత్తయ్యా అన్నాను. "ఎవడో ఒకడు వీడియో తీస్తాడుగా. తెనాలి చేరడానికి ఎంతసేపు?"

ఇంటర్ చదివే మా అబ్బాయికి భయం తన గురించి కాదు, మా గురించి. వాళ్ళ నాన్న స్టేజీ ఎక్కి చేతులు ఊపితే తను కాలేజీ మారాల్సి వస్తుందని ముందే చెప్పేశాడు. మా ఆయన ఎప్పట్లాగే అందరితోనూ ఏకీభవించారు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా ఆడపడుచు మొగుడు, అంటే మా అన్నయ్యగారు, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. ఆయన ఫోన్లో ఒకే ప్రశ్న వేశారు. "ఆర్గనైజర్లలో మనవాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోమ్మా, మనల్ని లాగొద్దని ఒక మాట చెప్పిద్దాం."

చూశారా సోఫా గారూ? ఇన్నాళ్ళూ మీ మీద కూర్చోవడానికి రికమండేషన్ చేయించారు. ఇప్పుడు మీ దగ్గరికి రాకుండా ఉండటానికి చేయిస్తున్నారు.

అలాగని మావాళ్ళు నోరు మెదపని ప్రేక్షకులని అనుకునేరు. పాల్గొనడం ఈ గడ్డకి బెంగళూరు వాళ్ళు వచ్చి నేర్పాలా? మావయ్యగారే చెబుతారు, వాళ్ళ ఊరి తిరనాళ్ళలో పద్యనాటకమంటే తెల్లవార్లూ సాగేదట. రాగం బాగా తీస్తే "ఒన్స్‌మోర్" అని అరుపు. మళ్ళీ పాడితే మళ్ళీ ఒన్స్‌మోర్. అప్పుడే ప్రాణం వదిలిన పాత్ర కూడా ఆ కేక వినబడితే లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం అందుకుని, ముగించి మళ్ళీ చచ్చిపోయేదట. మధ్యలో చదివింపులు. కథ ఎక్కడున్నా సరే ఆపి, "ఫలానా వారు నూటపదహార్లు" అని మైకులో చదివితే, ఆ ఫలానా వారు చాప మీద లేచి నిలబడి కండువా సవరించుకునేవారు. కత్తి దూసిన అర్జునుడు అప్పటిదాకా దూసినట్టే ఉండేవాడు.

ఈలపాట రఘురామయ్యగారిది గుంటూరు జిల్లా. ఎక్కడైనా ఈల వేసేది జనం, ఆయన నాటకంలో ఆ పని కూడా కృష్ణుడి వేషంలో ఆయనే చేసేవారు. బుర్రకథకి ప్రాణం పోసిన నాజర్‌గారిదీ ఆ జిల్లాలోని పొన్నెకల్లే. కథకుడు ఒక మాట అనగానే వంతలు "తందాన తాన" అందుకుంటే, ముందు కూర్చున్న పిల్లలకి ఎవరూ నేర్పకుండానే అదే పాట. ఆయనకి 1986లో పద్మశ్రీ ఇచ్చారు గానీ ఆ పిల్లల గొంతులకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఇవ్వమని వాళ్ళూ అడగలేదు.

అన్నిటినీ మించింది కూచిపూడి. మన కృష్ణా జిల్లా ఊరే. భామాకలాపంలో సత్యభామ ముఖం చూపించకముందే తెర మీదుగా జడ బయటికి వేస్తుంది. అది అందం కోసం కాదు, సవాలు. సభలో నాకన్నా విద్వాంసులుంటే రండి, ఓడించి ఈ జడ కోసుకోండి అని. ప్రేక్షకుణ్ణి వేదిక మీదికి పిలవడమంటే అదీ. ఈ బెంగళూరు వాళ్ళు మహా అయితే చెయ్యి పట్టుకుని రెండు గంతులు వేయిస్తారు, ఓడితే జుట్టు కత్తిరించుకుంటామని అనరు కదా.

ఒక్క సంగతి గమనించండి. ఒన్స్‌మోర్ అన్నవాడు చాప మీద ఉన్నాడు. తందాన తాన అన్నవాడు నేల మీద ఉన్నాడు. ఈల గేటు దగ్గర్నుంచి వచ్చింది. మీ దగ్గర్నుంచి ఎప్పుడైనా ఒక్క చప్పుడు వచ్చిందా? వచ్చింది లెండి, జీడిపప్పు నమిలిన చప్పుడు.

మా మరిది బెంగళూరులో ఉంటాడు, ఇలాంటివి చాలా చూశాడు. వీడియో కాల్లో అందరికీ క్లాసు పీకాడు. 1973లో లండన్‌లో ఒక చిన్న నాటకశాలలో 'రాకీ హారర్ షో' అని మొదలైందట. 1975లో సినిమాగా తీస్తే జనం రాలేదు. ఆ మరుసటేడు న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలు వేయడం మొదలుపెడితే, చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి తెర మీది డైలాగుకి ఎదురు డైలాగు చెప్పడం, వాన కురిసే సీన్లో నెత్తిన న్యూస్‌పేపరు పెట్టుకోవడం, పెళ్ళి సీన్లో బియ్యం చల్లడం. పిల్లలతో చూసే బాపతు కాదు గనక అంతకన్నా వివరాల్లోకి నేను వెళ్ళను. అయితే బియ్యం అనగానే అత్తయ్యగారు చటుక్కున తలెత్తారు. "అక్షింతలా? పసుపు కలుపుతారా, ఉత్తివేనా?" ఈ నాటకంలో పెళ్ళి ఉందో లేదో ఎవరికీ తెలియదు. అయినా శనివారం ఆవిడ చేతిసంచీలో ఒక పొట్లం ఉంటుంది, రాసిపెట్టుకోండి.

రెండో ఉదాహరణ అన్నయ్యగారికి నచ్చింది. డికెన్స్ అనే ఇంగ్లీషు రచయిత 1870లో ఒక నవల సగంలో ఉండగా పోయాడు. 'ఎడ్విన్ డ్రూడ్' అనే కుర్రాడు మాయమయ్యాడు, ఏం జరిగిందో చెప్పాల్సిన మనిషే లేడు. 1985లో దాన్ని పాటల నాటకం చేసి బ్రాడ్‌వే ఎక్కించినప్పుడు, హంతకుడెవరో తేల్చే పని ప్రేక్షకులకే వదిలారు. ఓట్లు వేస్తారు, ఎవరికి ఎక్కువొస్తే ఆ రాత్రికి వాళ్ళే హంతకులు. ఎవరు గెలిచినా పాడటానికి పాట సిద్ధంగా ఉంటుంది. ఇది విని గుంటూరు వైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత అన్నయ్యగారి గొంతు: "పందేలు ఎక్కడ కాస్తారు?" ఆ వెంటనే, "లెక్కింపు ఎవరి చేతిలో ఉంటుంది?"

ఇక సీట్ల సంగతి. యాప్‌లో హాలు పటం తెరిచి చూస్తే, మనిషికో షరతు. మావయ్యగారికి షుగరు, మాటిమాటికీ లేవాలి, నడవ పక్కన సీటు కావాలి. నడవ పక్కన సీటంటే వైర్‌లెస్ మైకు పట్టుకుని తిరిగే నటుడికి ముందు దొరికేది ఆయనే. లోపలికి కూర్చుంటే ఇంటర్వెల్ దాకా ఆగలేరు. చివరికి నడవ పక్కన మా ఆయన్ని కాపలా పెట్టి, రెండో సీటు మావయ్యగారికి ఇచ్చాం. అత్తయ్యగారికి ఏసీ గాలి నెత్తిన పడకూడదు. ఆ ఏసీ ఎక్కడుందో పటంలో వేయలేదు. గుంటూరు వాళ్ళు మంగళగిరి దాటి, వారధి ఎక్కి, శనివారం సాయంత్రం బెంజ్ సర్కిల్ ఈది ఆరున్నరకి రావాలి. ఆలస్యంగా వచ్చేవాళ్ళని నటులు పేరడిగి మరీ ఏడిపిస్తారని మరిది చెప్పాడు గనక మూడింటికే బయల్దేరతారట. అంటే మధ్యాహ్నం టిఫిను మా ఇంట్లో. అంటే పెసరట్లు నేను పొయ్యాలి. దీన్నే కుటుంబ విహారం అంటారు.

మొత్తానికి కె వరుసలో, మధ్యకి జరిపి, అందరికీ కలిపి తీశాను. డబ్బు కట్టాను. మెసేజ్ వచ్చింది. గ్రూపులో పెట్టాను.

నిమిషం తిరక్కముందే అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చారు. "కె అంటే ఎన్నో వరుస? పదకొండా? అంత వెనకైతే వాళ్ళు మన వైపు చూడనైనా చూడరేమో! అంత డబ్బు పోసి మనల్ని ఒక్కళ్ళని కూడా పలకరించరా?"

ఇదీ సోఫా గారూ, మావాళ్ళ సంగతి. పిలిస్తే వెళ్ళరు, పిలవకపోతే ఊరుకోరు. మేనత్త మనవరాలి పెళ్ళిలో స్టేజీ మీద గ్రూపు ఫోటోకి పేరు పెట్టి పిలవలేదని ఆ వైపు రాకపోకలు మానేసిన మనిషి మా మావయ్యగారు. పిలిచి ఉంటే "ఇప్పుడెందుకులే" అని కుర్చీలోంచి కదిలేవారు కాదు. మీ గొప్పతనం ఇంత కాలం నిలిచింది అందుకే కదా? పిలవకుండానే పిలిచినట్టు కనబడతారు, ఏ పనీ చెప్పరు. బెంగళూరు వాళ్ళెవరో వచ్చి మీకు ఒక పని అంటగట్టేసరికి మీ విలువ తెలిసిపోయింది.

మా తొమ్మిదేళ్ళ అమ్మాయి మాత్రం మీ పక్షం. తనొక్కదానికీ ముందు వరుసలో టికెట్ తియ్యమని రోజూ నస. తీద్దామంటే పక్కన పెద్దవాళ్ళొకరు ఉండాలట. ఆ పెద్దవాళ్ళెవరో ఇంకా తేలలేదు.

శనివారం మీ దగ్గరికి ఎవరొస్తారో నేను ఊహించగలను. ఫ్రీ పాసులు అందిన పెద్దలొస్తారు. ఆ చిన్న అక్షరాలు వాళ్ళు చదివి ఉండరు, చదివి వినిపించే కోడలు పక్కన ఉండదు. టవలు మీద ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని, జీడిపప్పు ప్లేటు దగ్గరికి లాక్కుంటారు. ఇంకో ప్రోగ్రాం ఉందని లేవబోయేలోపు లైటు సరిగ్గా వాళ్ళ మీద పడుతుంది. రంగురంగుల విగ్గు పెట్టుకున్న కుర్రాడు మెట్లు దిగొచ్చి "రండి సార్!" అని చెయ్యి చాస్తాడు. సారు ఎప్పట్లాగే వెనక్కి తిరిగి పీఏ వైపు చూస్తారు. పీఏ ఫైలు టీపాయ్ మీద పెట్టి, బెల్టు సవరించుకుని, స్టేజీ ఎక్కి డాన్స్ చేస్తాడు. సారు తరఫున అన్నీ చేసేది అతనే కదా, ఇదీ చేస్తాడు. బాగా కూడా చేస్తాడని నా నమ్మకం.

అప్పుడు పదకొండో వరుసలోంచి ఒక ముసలి గొంతు "ఒన్స్‌మోర్!" అంటుంది. కంగారు పడకండి. అది మా మావయ్యగారు.

ఇట్లు,
కె వరుసలో మధ్యన కూర్చోబోయే కోడలు