బి-ఫారానికి ముందు పచ్చబొట్టు

కృష్ణకు ఆవలి ఒడ్డున వెలగపూడిలో 2016లో తాత్కాలికం అని చెప్పి కట్టిన సచివాలయం ఇప్పటికీ తాత్కాలికంగానే పనిచేస్తోంది. 2015లో అమరావతికి శంకుస్థాపన చేశారు, 2019 చివర్లో రాజధానులు మూడన్నారు, 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు, 2024లో మళ్ళీ ఒక్కటే అన్నారు. ఇలాంటి చోట, విజయవాడ రింగ్ రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాల్లో, జనం క్యూలో నిలబడి, డబ్బులిచ్చి మరీ, చచ్చేదాకా చెరగనిది ఒంటి మీద వేయించుకుంటున్నారంటే దాన్ని కుర్రాళ్ళ సరదా అని కొట్టిపారేయకూడదు. ఇది రాజ్యాంగపరమైన విషయం. బాధ్యతగల పౌరుణ్ణి కాబట్టి వెళ్ళి చూసొచ్చాను.

టాటూ కన్వెన్షన్ అంటే పెద్ద హడావుడి ఊహించుకోకండి. గుమ్మం దగ్గర ముందురోజు పెళ్ళి తాలూకు పూల ఆర్చి ఇంకా తియ్యలేదు. వధూవరుల సింహాసనాల్లో పోటీ జడ్జీలు కూర్చున్నారు. లోపల రెండు వరసల స్టాళ్ళు, ప్రతి స్టాల్లో ఒక మడత మంచం, దాని మీద బోర్లా పడుకున్న ఒక మనిషి, ఎటు చూసినా మెషీన్ల రొద.

పద్ధతి మాత్రం మన ఊళ్ళో ఎక్కడా కనపడనంతగా ఉంది. ముందు వయసు రుజువు చూస్తారు. అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటారు. సూది ప్యాకెట్టు మన కళ్ళ ముందే చించుతారు. పేరు రాయించుకునేవాడికైతే ముందు స్టెన్సిల్ చర్మం మీద అంటించి, అద్దం చూపించి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయా అని రెండుసార్లు అడుగుతారు. కార్డులో ఇంటిపేరు తప్పుపడి దాన్ని దిద్దించుకోడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళు ఆ స్టాల్ ముందు కాసేపు నిలబడితే కళ్ళు చెమర్చడం ఖాయం.

ఇంతకీ శాశ్వతం ఎలా అవుతుందని ఆరా తీశాను. సిరా పై చర్మంలో ఆగదు, కింది పొరలోకి దిగుతుంది. ఒంట్లోని రక్షణ కణాలు శత్రువనుకుని దాన్ని మింగేస్తాయి. అరిగించుకోలేవు, బయటికీ పంపలేవు. ఒక కణం చచ్చిపోతే వదిలిన సిరాను పక్కది వచ్చి మింగి కూర్చుంటుంది. ఒక అధికారి బదిలీ అయితే వచ్చినాయన అదే ఫైలు పట్టుకుని కూర్చోవడం మనకు కొత్త కాదు గానీ, ఇక్కడ దానివల్ల కనీసం బొమ్మ నిలబడుతోంది.

ఇక డిజైన్లు. సొంత వ్యక్తిత్వం చాటుకోడానికి వచ్చామన్న వాళ్ళలో సగానికి సగం శివుడి కన్ను, త్రిశూలం, 'అమ్మ' దగ్గరే ఆగిపోయారు. ఒక తల్లి కొడుకు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఒరేయ్, ఆ పిల్ల పేరు వద్దురా. దేవుడి బొమ్మ వేయించుకో. దేవుడైతే మారడు" అంది. వాళ్ళ అమ్మమ్మ కాలంలో ఎరుకల ఆడవాళ్ళు వీధిలో కేక వేసుకుంటూ వచ్చి, దీపం మసీ ఆకు పసరూ కలిపి, సూదులతో మోచేతి దాకా పొడిచి, కాసిని బియ్యం పెట్టించుకుని పోయేవాళ్ళు. వాళ్ళకు జడ్జీలూ లేరు, కప్పులూ లేవు. ఈ హాల్లో వాళ్ళ ఫొటో ఒక్కటి కూడా లేదు. జపాన్ సమురాయ్ మాత్రం ప్రతి గోడ మీదా ఉన్నాడు.

హీరో ముఖం వేయించుకునే అభిమానులకు చిన్న గమనిక. టాటూ వేయించుకుంటే ఏడాదిపాటు రక్తదానం చేయకూడదు. అంటే హీరో పుట్టినరోజుకి ఛాతీ మీద ఆయన్ను పొడిపించుకున్నవాడు, అదే పుట్టినరోజు రక్తదాన శిబిరానికి పనికిరాడు.

నన్ను ఆపేసింది వేరే కుర్రాడు. మోచేతి కింద ఒక నాయకుడి ముఖం, నవ్వుతూ, మీసాలతో సహా. కవరప్ కోసం వచ్చాడు. నాయకుడు కండువా మార్చాడు, కుర్రాడి చెయ్యి మారలేదు. పాతదాని మీద కొత్తది వేయాలంటే అది ఇంకా పెద్దగా, ఇంకా నల్లగా ఉండాలట. మీసాలు ఎలాగూ దట్టంగా ఉన్నాయి కాబట్టి వాటిని సింహం జూలులో కలిపేద్దామన్నాడు ఆర్టిస్టు. "కళ్ళు మాత్రం కనపడకుండా చెయ్యన్నా" అని కుర్రాడు బతిమాలుకున్నాడు.

అక్కడే ఈ ప్రతిపాదన పుట్టింది. ఫిరాయింపుల నిరోధానికి 1985లో చట్టం చేసుకున్నాం, రాజ్యాంగంలో పదో షెడ్యూలు రాసుకున్నాం, దాన్ని స్పీకర్ గారి చేతిలో పెట్టుకున్నాం. ఫలితం మీకు తెలుసు. నేను అడిగేది ఒక్కటే. పార్టీ తన అభ్యర్థి ఇతనే అని రాసిచ్చే బి-ఫారం చేతికిచ్చేముందు అభ్యర్థి ముంజేతి మీద పార్టీ గుర్తు పొడిపించాలి. అన్యాయమంటారా? 1962 నుంచీ ఎన్నికల్లో ఓటేసిన ప్రతివాడి వేలికీ మైసూరు సిరా పూస్తూనే ఉన్నారు, రెండోసారి ఓటేస్తాడేమోనని. ఒక్క ఓటున్నవాడి మీద అంత అనుమానం పెట్టుకుని, లక్ష ఓట్లు మూటగట్టుకుని గోడ దూకగలవాడి ఒంటి మీద చుక్క కూడా పెట్టకపోవడం ఏం న్యాయం?

లేజర్‌తో తీయించుకుంటారుగా అని ఒక మిత్రుడన్నాడు. తీయించుకోనివ్వండి. ఒక్క రోజులో పోదు, వారాల ఎడంతో చాలా విడతలు పడుతుంది. అదీ నలుపైతే తేలిక. పసుపు, లేత నీలం, లేత ఆకుపచ్చ ఒక పట్టాన వదలవు. మన రాష్ట్రంలో ఏ రంగు కండువాలు ఎక్కువగా అమ్ముడుపోతాయో గుర్తుచేసుకుంటే, ప్రకృతి ఈ చట్టాన్ని ఎప్పుడో ఆమోదించిందని అర్థమవుతుంది.

అమలు సంగతి మాట్లాడదామని స్టాల్ కుర్రాణ్ణి అడిగాను, నామినేషన్ల వారంలో అభ్యర్థులందర్నీ పంపితే వేస్తావా అని. గ్లవ్స్ తీసి ఆలోచించాడు.

"వేస్తాను సార్. కానీ తాగొస్తే వెయ్యను. రక్తం ఎక్కువ కారుద్ది, రంగు నిలబడదు. పొద్దున్నే పంపించండి."