అయ్యకోనేరు గట్టు మీద వెలువడిన తీర్పు

"ఆశెక్కువైపోయింది బావూ ఈ కుర్రగుంటలకి" అని సూపరింటెండెంటు గారు తేల్చేశారు. తీర్పు వెలువడిన స్థలం విజయనగరంలో అయ్యకోనేరు గట్టు, సమయం పొద్దున్న ఆరున్నర. ముద్దాయి కోర్టులో లేడు. వాడి సంగతి తర్వాత చెబుతాను, ముందు న్యాయమూర్తి గారిని పరిచయం చెయ్యాలి.

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా, మీ వీధిలోనూ ఒకాయన ఉంటారు. 1985లో గుమాస్తాగా చేరి, 39 ఏళ్ళు ఒకే కుర్చీకి దిండ్లు మార్చుకుంటూ సూపరింటెండెంటై, 2024లో రిటైరయ్యారు. మధ్యలో రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60 అయింది, 2022లో 62 అయింది. రెండుసార్లూ ఆయన ఆఫీసులో మిఠాయిలు పంచారు. కొత్తతరానికి దారివ్వాలని ఆయన కూడా గట్టిగా నమ్ముతారు, 2024 నుంచి.

వారానికి 70 గంటలు పని చెయ్యాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అంటే గట్టు ఏకగ్రీవంగా ఆమోదించింది. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు దాన్ని 90 చేస్తే చప్పట్లు కొట్టింది. ఆ గట్టు మీద కూచున్న ఏడుగురూ సర్వీసులో ఉన్నప్పుడు చేసిన పని అంతా కలిపినా వారానికి 90 తేలుతుందో లేదో, నాకు అనుమానమే.

సూపరింటెండెంటు గారి అబ్బాయి మేడమీద గదిలో వర్క్ ఫ్రమ్ హోం. అమెరికా కంపెనీ పని, సాయంత్రం ఆరింటికి కూచుంటే తెల్లారుజామున మూడున్నరకి లేస్తాడు. నాలుగింటికి నిద్ర. ఏడింటికి తండ్రి స్టీలు పళ్ళెం మీద గరిటెతో వాయిస్తారు. "అరసవల్లి స్వామికి లేని బద్ధకం నీకేట్రా? ఆయన లేచి గంటైంది!" స్వామివారికి నైట్ షిఫ్ట్ లేదన్న సంగతి ఆ అబ్బాయి ఇంతవరకూ చెప్పలేదు, పెంపకం అలాంటిది.

మొన్న ఒక రాత్రి పదకొండింటికి ఆ అబ్బాయి వీడియో కాల్‌లో ఉన్నాడు. అవతల అమెరికా మేనేజరు. ఇంతలో సూపరింటెండెంటు గారు లుంగీ, భుజాన తువ్వాలుతో లోపలికొచ్చి "కరెంటు బిల్లు కట్టావా?" అని అడిగారు. మేనేజరు మర్యాదస్తుడు, నమస్కారం పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సింది. ఈయన కుర్చీ లాక్కుని ఇంగ్లీషులో మొదలెట్టారు. తనది 39 ఏళ్ళ సర్వీసు, ఒక్క మెమో లేదు. ఏం పని చేసేవారు అని అవతలివాడు అడిగాడు. ఫైలు. ఫైలుతో ఏం చేసేవారు? పుటప్ చేసేవారం. తర్వాత? పై సెక్షన్‌కి వెళ్ళేది. వాళ్ళేం చేసేవారు? కొర్రీ వేసి మాకే పంపేవారు. అప్పుడు? మళ్ళీ పుటప్. చివరికి ఎప్పుడు పూర్తయ్యేది? సూపరింటెండెంటు గారికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. 39 ఏళ్ళలో ఎవరూ అడగలేదు మరి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా భోజనమనీ, నాలుగున్నరకి రైతుబజారులో వంకాయలు బాగుంటాయి కాబట్టి కుర్చీకి గొడుగు తగిలించి వెళ్ళేవాణ్ణనీ, గొడుగుంటే మనిషున్నట్టే లెక్కనీ వివరించారు. మేనేజరు తన మనుషులందర్నీ కాల్‌లోకి పిలిచి మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడట. అబ్బాయి చెప్పాడు నాకు, డెడ్‌లైన్ అన్న మాట లేకుండా ఒక మనిషి బతికాడని విని అవతల ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారని.

కిందికి దిగుతూ తండ్రి అన్నమాట మాత్రం ఇది: "కూచుని కబుర్లు చెప్పడమే కదరా మీ ఉద్యోగం."

పక్కింటి అమ్మాయిది ఇంకో కేసు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబరు ఆఖర్న వచ్చింది, ఆ తర్వాతది 2023 డిసెంబరులో. ఆ రెండోదానికి ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో పెట్టి, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో పెట్టారు. ఆ పిల్ల పుస్తకాలు పట్టుకుని తిరిగిన ఏళ్ళలో సూపరింటెండెంటు గారు రెండేళ్ళు అదనంగా అదే కుర్చీలో ఉన్నారు. "ఒక లక్ష్యం లేదమ్మా మీకు" అని ఆ పిల్లతోనే అన్నారు.

ఇక ముద్దాయి. వాడు శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల తీరం వాడు, మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి కొడుకు, 22 ఏళ్ళు. గుజరాత్‌లో వెరావల్ వెళ్తున్నాడు, బోటు మీద పనికి. వెళ్ళేముందు గట్టు మీద నాకు చెప్పడానికొస్తే సూపరింటెండెంటు గారు విన్నారు. వాడు వెళ్ళాక ఇచ్చారు ఆ తీర్పు. "ఇంటి పట్టున ఉండి ఉన్నదాంతో తృప్తి పడొచ్చు కదా? డబ్బు పిచ్చి."

అప్పుడింక నాకు నవ్వు రాలేదు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రం ఉంది. పడవ కట్టుకోడానికి సరైన జెట్టీ లేక ఊళ్ళకి ఊళ్ళు గుజరాత్ పోతాయి. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళే పాకిస్తాన్‌కి చిక్కారు. 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇవతలికి వచ్చేసరికి 2020 జనవరి. పదమూడు నెలల పైన. చేపలు పట్టినందుకు కరాచీ జైల్లో పదమూడు నెలల పైన! ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు, ఏ కుర్చీకి ఏ గొడుగు వేలాడుతోందో చూసుకుంటూ. దాన్ని డబ్బు పిచ్చి అంటాడా ఈయన? నెల మొదట్లో పెన్షన్ పడుతుంది కాబట్టి వచ్చిన తృప్తి అది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన సర్కారు ఉద్యోగికే ఆ పెన్షన్ లేదు, బోటు మీద కుర్రాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది తృప్తి? ఎవడిస్తాడు?

ఇందులో కొంత పైకే అన్నాను. గట్టు మీద ఎవరూ మాట్లాడలేదు. సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తుడుచుకుని, నా పక్కకి జరిగి, గొంతు తగ్గించారు.

"నువ్వు కోపమొచ్చినప్పుడు బాగా మాట్లాడతావు బావూ. మా డీఏ బకాయిలు ఇంకా వెయ్యలేదు. ఎంత అన్యాయం చూడు. ఊరుకుంటే లాభం లేదు, ధర్నా అనుకుంటున్నాం. కలెక్టరు గారికి ఒక అర్జీ రాసి పెట్టు, ఇలాగే గట్టిగా. టైపు మావాడిచేత కొట్టించేద్దును గానీ," అని మేడమీది కిటికీ గుర్తొచ్చినట్టుంది, మొహం చిట్లించారు, "ఎదవ, ఇంకా పడుకునే ఉన్నాడు."