సవరణ: రికంబెంట్ మీద క్లిప్‌లెస్ పెడల్స్

బెంగళూరులో కొత్తగా రికంబెంట్ సైకిల్ (వెనక్కి ఆనుకుని, కాళ్లు ముందుకు చాపి తొక్కేది) కొన్నవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, క్లిప్‌లెస్ పెడల్ (బూటును పట్టి ఉంచే పెడల్) నుంచి కాలు రావాలంటే గట్టిగా వెనక్కి లాగితే చాలని రాశాను. అది తప్పు. పెడల్ తయారీదారు మాన్యువల్ ప్రకారం మడమను బయటివైపు తిప్పాలి, అప్పుడే క్లీట్ (బూటు అడుగున ఉండి పెడల్‌లో ఇరుక్కునే ముక్క) ఊడుతుంది. లాగినా వచ్చే మల్టీ-రిలీజ్ క్లీట్లు వేరే ఉన్నాయి. రెండూ కలిపేశాను.

రికంబెంట్‌లో కాళ్లు ముందుకు చాపి ఉంటాయి కాబట్టి, పాదం నేలకు ఆనడానికే కాస్త సమయం పడుతుంది. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర బండి ఆగాక చూద్దాంలే అనుకుంటే, సైకిల్‌తో సహా పక్కకి ఒరగడమే, వెనకాల ఆటోవాళ్ల హారన్లు అదనం. వేగం తగ్గుతుండగానే ఒక కాలు విడిపించుకోండి. కొత్తలో, క్లీట్‌ని పట్టి ఉంచే స్ప్రింగు టెన్షన్ స్క్రూని అలెన్ కీతో మైనస్ వైపు తిప్పి వదులు చేసుకోవడం మంచిది. రెండు వైపులా క్లీట్ పట్టే ఎస్పీడీ (షిమానో కంపెనీ రకం) పెడల్ అయితే ఒక్కో పెడల్‌కి రెండు స్క్రూలుంటాయి, ఒకదాన్నే తిప్పి రెండోది మర్చిపోకండి.

ఇంకోటి. ఆ పోస్టులోనే, రికంబెంట్లను 1934లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నిషేధించిందన్న వాక్యం చదివి, రోడ్డు మీద తొక్కకూడదా అని కొందరు అడిగారు. భేషుగ్గా తొక్కొచ్చు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే రేసర్ వెలోకార్ అనే రికంబెంట్ మీద గంటలో 45 కిలోమీటర్లు దాటాక వచ్చిన ఆ నిషేధం వాళ్ల రేసులకీ రికార్డులకే.